తోక కట్టిన బిళ్ళ

ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి, అన్నం తిన్నాననిపించుకుని, జ్యోత్స్న టీచరు ముందుగదిలో ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేది. తాడేపల్లిగూడెంలో ఆ వీధివాళ్ళంతా ఆవిడ ఆన్‌లైన్లో ట్యూషన్లు చెబుతోందనుకునేవారు. "పాపం, ఆదివారం కూడా తీరిక లేదు" అని పక్కింటావిడ జాలిపడేది. లోపల జరిగేదేమో కోటలు పట్టడం, కత్తులు దూయడం, మొసళ్ళతో పోట్లాడటం. లెక్కల టీచరు చెయ్యాల్సిన పనేనా అంటే ఏం చెప్తాం, చేసేది మరి.

కథ చెప్పేది జ్యోత్స్న. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక వేషం కట్టేవారు. నేను గోడ దూకుతానని ఒకడంటే, దూకాడో నడుం విరిగిందో పాచికలు తేల్చేవి. మొదట్లో బల్ల చుట్టూ చేరి ఆడిన ఆటే. ఎవరి ఉద్యోగం వాళ్ళని తలా ఒక దిక్కుకి లాక్కుపోయాక కంప్యూటర్లోకి మారింది. తెర మీద ఒక మ్యాపు, దాని మీద గడులు, గడుల్లో గుండ్రటి బిళ్ళలు. బిళ్ళకొక బొమ్మ, బొమ్మకొక మనిషి. మ్యాపంతా నల్లటి ముసుగు కప్పి ఉంటుంది. బిళ్ళ కదిలినకొద్దీ దాని చుట్టూ కాస్త కాస్త తొలగుతుంది. ఎవరి బిళ్ళ చూసింది వాళ్ళకే కనిపిస్తుంది. ముసుగు కింద ఏముందో మొత్తం కనిపించేది కథ చెప్పేవాళ్ళకొక్కళ్ళకే. జ్యోత్స్నకి ఆ ఆట మీద అంత మోజు అందుకే. రేపేం జరుగుతుందో తెలియక వారమంతా కొట్టుకుపోయే మనిషికి ఆ రెండు మూడు గంటలైనా అంతా కనిపిస్తుంది.

ఆడేవాళ్ళు ముగ్గురు. నెల్సన్ ఆవిడ తమ్ముడు, కొల్లేటి లంకల్లో ఎవరివో చేపల చెరువుల మీద సూపర్‌వైజరు. తాహిర్ ఏలూరు వాడు, ఇంట్లో తాతలనాటి తివాచీల పని. మూడోవాడు జయంత్. పెంటపాడు కుర్రాడు, నెల్సన్‌తో పాటు జ్యోత్స్న దగ్గరే చదువుకున్నాడు. అందుకని ఆటలో మొసలి మీద పడ్డా సరే "టీచర్‌గారూ, రక్షించండి" అనేవాడు. మిగిలిన ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. పాచికలు వేసే ముందు వాడికొక అలవాటు. వేలి కణుపులతో బల్ల మీద మూడుసార్లు తట్టాలి. టక్... టక్... టక్. కంప్యూటర్లో పాచికలు వాటంతటవే దొర్లుతాయి, బల్ల తట్టడమెందుకురా అంటే, "తట్టకపోతే నాకు పడవు టీచర్‌గారూ" అనేవాడు. ఆటలో వాడిది లాంతరు పట్టుకునే వేషం. వాడి బిళ్ళ చుట్టూ ఎప్పుడూ పసుప్పచ్చగా ఒక వెలుగు ఉండేది. ఆ వెలుగు లేకపోతే చీకటి గుహల్లో మిగతావాళ్ళకి కళ్ళున్నా లేనట్టే.

ఎవరికైనా ఒక ఆదివారం కుదరకపోతే ఆట ఆపేవారు కాదు. రానివాడి బిళ్ళని వచ్చినవాడి బిళ్ళ వెనక కట్టేసేవారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో అలాంటి సదుపాయం ఉంది. ఒకసారి కడితే చాలు, ముందు బిళ్ళ ఎటు పోతే వెనక బిళ్ళ అటే పోతుంది, ఒక్క గడి తేడాతో. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు తోక కట్టడం. "ఈ వారం తాహిర్ నాకు తోక" అని నెల్సన్ ఏడిపించేవాడు.

పోయినేడు వరదల్లో నెల్సన్‌ని చూడ్డానికి చెరువుల మీదికి వెళ్ళాడు జయంత్. నీళ్ళు పెరుగుతున్నాయని ఇద్దరూ గట్టు మీద నడిచి రోడ్డెక్కబోయారు. ముందు నెల్సన్, వెనక జయంత్. "నా వెనకే రారా" అన్నాడు నెల్సన్. అలాగే అన్నాడు వీడు. తూము దగ్గర గట్టు తెగిన చప్పుడుకి నెల్సన్ పరిగెత్తాడే గాని, వెనక్కి తిరిగి చూడలేదు. రోడ్డెక్కి చూసేసరికి మనిషి లేడు. రెండ్రోజులకి గుర్రపుడెక్క తీగల కింద దొరికాడు.

మళ్ళీ ఆటకి కూర్చోవడానికి నెలలు పట్టింది. కూర్చున్న రోజున జ్యోత్స్న జయంత్ బిళ్ళ తీసెయ్యబోతే నెల్సన్ ఆపాడు.

"తియ్యకక్కా. నా వెనకే ఉండనీ."

ఆవిడకి కాదనబుద్ధి కాలేదు. ఆ రోజు కట్టిన తోక మరి విప్పలేదు. ఏ మ్యాపు తెరిచినా నెల్సన్ బిళ్ళ వెనక, ఒక్క గడి ఎడంగా, లాంతరు పట్టుకుని జయంత్ బిళ్ళ. కొన్నాళ్ళకి అది వాళ్ళ కంటికి ఆనడం కూడా మానేసింది.

ఆ ఆదివారం బంగాళాఖాతంలో తుపాను. పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నానికే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. చర్చిలో సగం బెంచీలు ఖాళీ. తల్లి యేసమ్మ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఒకటే సణుగుడు.

"వాణ్ణి రమ్మని చెప్పవే. పోయినసారి జరిగింది చాలదా? కూలికెళ్ళేవాళ్ళే మానేసి ఇళ్ళల్లో కూర్చున్నారు, వీడికే వచ్చిందా ఉద్యోగం!"

"చెప్పానమ్మా. చేపలు పోకుండా గట్ల చుట్టూ వలలు కట్టించి వచ్చేస్తానన్నాడు."

"ఏమో నాకు తెలీదు. పొద్దుగూకేసరికి వాడు నా ఎదురుగా కంచం ముందు కూర్చోవాలి."

"కూర్చోబెడతాను. నాది పూచీ. సరేనా?"

ఆ మాట ఊరికే అన్నది కాదు. నెల్సన్‌ని ఎత్తుకు పెంచింది జ్యోత్స్నే. తండ్రి పోయినప్పుడు వాడింకా పలకాబలపం పట్టలేదు. తను పెళ్ళి మాట ఎత్తనివ్వలేదన్నా, ఈ ఊరు విడిచి వెళ్ళలేదన్నా వాడి కోసమే. వాడికేమన్నా అయితే తను బతకదు. ఇది ఆవిడ ఎవరితోనూ అనలేదు గాని, ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు.

రెండున్నరకి నెల్సన్ చెరువు మీది షెడ్డులోంచి, ఫోనులో, ఆటలోకొచ్చాడు. వలలు కట్టడం అయిపోయిందట, కూలీలు వెళ్ళిపోయారట, వాన కాస్త తెరిపివ్వగానే బండి తీస్తాడట.

"ఇప్పుడే బయల్దేరొచ్చుగా?" అంది జ్యోత్స్న.

"ఒక్క గంటక్కా. ఇవ్వాళ మా గట్ల మీద ఆటన్నావుగా. తాహిర్ గాణ్ణి బురదలో దొర్లించకుండా వస్తానా?"

తప్పు అక్కడే జరిగింది. ఆ వారం ఆడాల్సింది నీట మునిగిన కోట కథ. దానికి నీళ్ళు నిలిచే బాడవ నేల మ్యాపు ఒకటి కావలసివచ్చింది. నెల్సనేమో మా చెరువులే పెట్టక్కా, దారి నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు అని వారం రోజులు ప్రాణం తీశాడు. బడిలో పరీక్షల హడావిడి, కొత్తగా గియ్యడానికి తీరిక లేదు. ఉపగ్రహం తీసిన ఫొటో దింపి, దాని మీద గడులు గీసి పెట్టేసింది. నెల్సన్ పనిచేసే షెడ్డు, ఆ చెరువులు, ఆ గట్లు, చివర్న తూము మీద దాటడానికి వేసిన తాటిదుంగ, అవతల ఏలూరు వెళ్ళే తారురోడ్డు... ఉన్నవి ఉన్నట్టు. బిళ్ళలు పెట్టింది కూడా షెడ్డు దగ్గరే. నెల్సన్ బిళ్ళ వెంట తోక దానంతటదే వచ్చింది.

అరగంట బాగానే ఆడారు. నెల్సన్ మైకులో రేకుల మీద వాన చప్పుడు పెరిగి పెరిగి, చివరికి వాడి మాటకంటే అదే ఎక్కువ వినిపించసాగింది.

"అక్కా, కరెంటు పోయింది."

"ఆట చాలు. బయల్దేరు."

"ఉండు, చూసొస్తా..." తలుపు తీసిన చప్పుడు. గాలి హోరు. కాసేపటికి తిరిగొచ్చాడు. "అక్కా... నీళ్ళు గట్టెక్కేస్తున్నాయి. బండి లేదు. కొట్టుకుపోయింది."

తాహిర్ వెంటనే అందుకున్నాడు. "జ్యోత్స్నగారూ, మా మామయ్య వ్యానుందండి. నేను రోడ్డు దాకా వస్తాను. మీరు వాణ్ణి రోడ్డెక్కించండి చాలు. ఫోన్లోంచి వింటూనే ఉంటాను."

రోడ్డెక్కాలంటే గట్ల మీద నడవాలి. నడవాలంటే గట్టు కనిపించాలి. కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించడం లేదన్నాడు నెల్సన్. మధ్యాహ్నం మూడింటికి! ఎటు చూసినా నీళ్ళే, ఏది గట్టో ఏది చెరువో తెలియడం లేదు.

"మ్యాపు నీ దగ్గరుందిగా అక్కా. నువ్వు చెప్పు. నేను నడుస్తా."

ఫోనుని పాలిథిన్ కవర్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. చెవిలో ఇయర్‌ఫోను. బిళ్ళ జరపడానికి వాడికిక వీల్లేదు, ఆవిడే జరపాలి. ఆటలో తిరిగిన బిళ్ళని మళ్ళీ షెడ్డు దగ్గరికి తెచ్చి, ఒక్కో గడీ పది అడుగులని లెక్క కట్టుకుంది. నల్ల ముసుగు కింద మొత్తం కనిపించేది తనకొక్కతెకే. ఇన్నాళ్ళూ సరదాకి చూసిన ఆ చూపు మీదే ఇప్పుడు తమ్ముడి ప్రాణం ఆధారపడింది.

"షెడ్డు నీ వీపు వైపుంచుకో. తిన్నగా నడు. పది అడుగులు... మరో పది..."

"ఊఁ."

"కుడిచేతి వైపు చెరువు. అటు జరక్కు."

"ఊఁ... మోకాళ్ళ దాకా ఉన్నాయక్కా."

లోపల్నుంచి యేసమ్మ అడిగింది, వాడు బయల్దేరాడా అని. బయల్దేరాడమ్మా అంది జ్యోత్స్న, తల తిప్పకుండా. ఆ కంగారులో మౌసు జారి, నెల్సన్ బిళ్ళ రెండు మూడు గడులు ఎక్కువ జరిగిపోయింది, మలుపు దాటి.

"అదేంటి..." అన్నాడు నెల్సన్ రొప్పుతూ. "మలుపు ఇంత తొందరగా వచ్చేసిందేంటి? దాటేశాను కూడా."

జ్యోత్స్న చెయ్యి ఆగిపోయింది. వాడు నడుస్తుంటే తను జరుపుతోందా, తను జరుపుతుంటే వాడు... ఆ ఆలోచన పూర్తిగా రానివ్వలేదు. ఆలోచించడానికి వేళ కాదది. ఏదైతేనేం, వాడు రోడ్డెక్కితే చాలు. ప్రభువా, ప్రభువా అనుకుంటూ ఒక గడి... ఒక గడి.

అప్పుడు వినిపించింది. వాన హోరులో, గాలి హోరులో, చాలా దగ్గరగా.

టక్... టక్... టక్.

"నెల్సన్, ఏంట్రా అది?"

వాడి ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తర్వాత గుసగుసగా...

"అక్కా. నా వెనక ఎవరో వస్తున్నారు."

"ఎవరు? కాపలావాళ్ళా?"

"తెలీదు. లైటుంది. నా నీడ ముందు పడుతోంది."

జ్యోత్స్నకి ప్రాణం లేచొచ్చింది. ఎవరో ఊరివాళ్ళు, లైటేసుకుని వెతకడానికొచ్చారు! "ఆగరా, వాళ్ళతో కలిసి..." అంటూనే తెర వంక చూసింది.

నెల్సన్ బిళ్ళ గట్టు మీదుంది. దాని వెనక, ఒక్క గడి ఎడంగా, చుట్టూ పసుప్పచ్చ వెలుగు వేసుకుని, ఇంకో బిళ్ళ.

ఇన్ని నెలలుగా ప్రతి ఆదివారం అక్కడే ఉన్నదాన్ని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది.

"జ్యోత్స్నగారూ," తాహిర్ గొంతు. వ్యాను నడుపుతూ వింటున్నాడు. "ఆ తోక... తోక విప్పెయ్యండి. ముందది విప్పెయ్యండి."

ఆవిడ చెయ్యి అటే వెళ్ళింది.

"వద్దక్కా!" అన్నాడు నెల్సన్. వాడికి తెర కనిపించదు. తాహిర్ మాట మాత్రం విన్నాడు. వాడికి అర్థమైపోయింది. "విప్పకు. గట్టు కనిపిస్తోంది... ఈ వెలుగుకే కనిపిస్తోంది. ఇది పోతే ఎక్కడ అడుగెయ్యాలో నాకు తెలీదు."

"ఒరేయ్, వాడు..."

"తెలుసు."

"వెనక్కి తిరక్కు. నా మాట విను, బంగారం. ఏం చేసినా సరే, వెనక్కి తిరక్కు."

"పోయినసారీ తిరగలేదక్కా" అన్నాడు వాడు. ఏడుస్తున్నాడో, వానకి గొంతు వణుకుతోందో.

విప్పితే చీకట్లో నీళ్ళపాలవుతాడు. విప్పకపోతే... విప్పకపోతే ఏమవుతుందో ఆవిడకి తెలీదు. తెలిసిన చావు కంటే తెలియనిదే నయమనుకుంది. ఏ అక్కయినా అదే అనుకునేది. తోక విప్పలేదు. నెల్సన్ బిళ్ళ జరిపింది. వెనక బిళ్ళ జరిగింది. మళ్ళీ జరిపింది. మళ్ళీ జరిగింది.

"కుళ్ళు వాసనక్కా... గుర్రపుడెక్క కుళ్ళిన వాసన."

"నడు నాన్నా. ఇంకెంతో లేదు. తూము వచ్చేసింది. తాటిదుంగ దాటితే రోడ్డే."

"దగ్గరికొచ్చేస్తున్నాడు."

తెర మీద చూసింది. ఎప్పుడూ ఒక గడి ఎడం ఉండాలి. ఆ ఎడం లేదు. రెండు బిళ్ళలూ ఆనుకుని ఉన్నాయి.

నెల్సన్ బిళ్ళని తాటిదుంగ మీదికి జరిపింది. వెనక బిళ్ళ కూడా అదే గడిలోకి వచ్చి, దాని మీద ఎక్కి కూర్చుంది.

"అక్కా... నా చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా..."

సరిగ్గా అప్పుడే పసుప్పచ్చ వెలుగు ఆరిపోయింది. ఎవరూ ఆర్పలేదు. లాంతరులో నూనె గంటసేపే వస్తుందని నియమం పెట్టింది జ్యోత్స్నే, ఆట రక్తి కట్టాలని. గంటయింది. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేసింది.

"కనిపించట్లేదు... అక్కా, ఏం కనిపించట్లే..."

మాట మధ్యలోనే తెగిపోయింది. ఇంట్లో దీపాలు ఒకసారి మిణుకుమన్నాయి. తెర తెల్లబడి, మళ్ళీ వచ్చింది. మ్యాపు వచ్చింది, గడులొచ్చాయి. బిళ్ళల మీది బొమ్మలు మాత్రం రాలేదు. తాటిదుంగ మీద, ఒకే గడిలో, ఒకదాని మీద ఒకటి, రెండు బూడిదరంగు చక్రాలు.

ఏది ఎవరిది?

"నెల్సన్! నెల్సన్, మాట్లాడు!"

స్పీకర్లో నీళ్ళు గుటకలేస్తున్న చప్పుడు. జ్యోత్స్న అరిచింది. ఏమని అరిచిందో ఆవిడకే తెలీదు. చేతికందిన బిళ్ళని పట్టుకుంది. పైనున్నది. పట్టుకుని, తాటిదుంగ మీంచి, నీళ్ళ మీంచి, బరబరా లాగి తారురోడ్డు మీద పడేసింది.

గుటకలు ఆగాయి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతసేపో.

"రోడ్డెక్కాను" అంది ఒక గొంతు.

నెల్సన్ గొంతే. నిమ్మళంగా ఉంది. జ్యోత్స్న బల్ల మీద తల వాల్చేసి వెక్కి వెక్కి ఏడ్చింది. కరెంటు పోయింది, నెట్టు పోయింది, ల్యాప్‌టాప్ చార్జింగు కూడా అయిపోయి ఆరిపోయింది. ఆవిడ పట్టించుకోలేదు. తమ్ముడు రోడ్డెక్కాడు. ఇక ఏం పోతేనేం?

ఏడున్నర దాటాక వ్యాను ఇంటి ముందాగింది. యేసమ్మ వానలోనే గేటు దాకా పరిగెత్తి కొడుకుని కావిలించుకుంది. ఒళ్ళంతా బురద, పెదాలు నల్లబడిపోయాయి, కళ్ళు మాత్రం నిబ్బరంగా ఇల్లంతా చూస్తున్నాయి. తువ్వాలు తెచ్చి తల తుడిచింది, పొడి బట్టలిచ్చింది, నిన్న వాడి కోసమే దాచిన చేపల పులుసు వెచ్చబెట్టింది. జ్యోత్స్న వాడి భుజం మీద చెయ్యి వేసింది. మంచులో పెట్టినట్టు చల్లగా ఉంది. వానలో నానినవాడు చల్లగా కాక ఎలా ఉంటాడని తనకి తనే చెప్పుకుంది.

గుమ్మంలో తాహిర్ ఇంకా వెళ్ళకుండా నిలబడ్డాడు.

"రా తాహిర్, అన్నం తిని వెళ్ళు. నీ మేలు ఈ జన్మలో..."

"వద్దండి." గొంతు తగ్గించాడు. "దారంతా ఒక్క మాట మాట్లాడలేదండీ. ఒక్క చోట మాత్రం... పెంటపాడు తిరిగే దారి దగ్గర ఆపమన్నాడు. మా ఇల్లు ఇటేగా, దింపెయ్యి అన్నాడు."

జ్యోత్స్న వెనక్కి తిరిగి తమ్ముడి వంక చూసింది.

"చలిజ్వరం పలవరింత అయ్యుంటుందండి" అని, ఆవిడ జవాబు కోసం ఆగకుండా వ్యాను ఎక్కేశాడు తాహిర్. ఎప్పుడూ వెనక్కి చెయ్యి ఊపేవాడు, ఆ రోజు ఊపలేదు.

కొవ్వొత్తి వెలుతురులో యేసమ్మ కంచం పెట్టింది. నెల్సన్ వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాడు. తల్లికిచ్చిన మాట నిలబెట్టుకున్నానని జ్యోత్స్న గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. ముందుగదిలోకి వెళ్ళి తలుపు గడియ పెట్టొచ్చింది. వాన తగ్గి, చూరు నీళ్ళు ఆగి ఆగి పడుతున్నాయి.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరగడం మొదలెట్టింది. మూలనున్న నెట్టు డబ్బా మీద లైట్లు వెలిగాయి. కాసేపటికి ల్యాప్‌టాప్ దానంతటదే మేలుకుంది.

"వడ్డిస్తున్నా నాన్నా, ఉండు" అంటోంది లోపల యేసమ్మ.

అన్నం కోసం ఎదురుచూస్తూ లోపల ఎవరో బల్ల మీద తట్టారు.

టక్... టక్... టక్.

జ్యోత్స్న అటు వెళ్ళలేదు. తెర వైపు తల తిప్పింది.

మ్యాపు తెరుచుకుని ఉంది. బొమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ముందు తారురోడ్డు మీది బిళ్ళకి వచ్చింది. లాంతరు పట్టుకున్న బొమ్మ. చుట్టూ పసుప్పచ్చ వెలుగు మళ్ళీ వెలిగి ఉంది.

తర్వాత తాటిదుంగ దగ్గర, నీళ్ళ మీద ఉన్న బిళ్ళకి వచ్చింది.

నెల్సన్ బొమ్మ.

జ్యోత్స్న నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. స్పీకర్లోంచి గరగరమని చప్పుడు. నెల్సన్ పేరు పక్కన మైకు గుర్తు పచ్చగా వెలిగింది.

"అక్కా..." ఎక్కడో అట్టడుగు నుంచి వచ్చినట్టు. "అక్కా, వింటున్నావా? లైటు నన్నొదిలేసి ముందుకెళ్ళిపోయింది. ఎటు నడవాలో చెప్పు."

ఆవిడ వేళ్ళు మౌసు మీదికి ఎలా వెళ్ళాయో తెలీదు. నెల్సన్ బిళ్ళని పట్టుకుని రోడ్డు వైపు లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఒక్క గడి కూడా కదల్లేదు. లాంతరు బిళ్ళని తాకితే కదిలింది, తేలిగ్గా, కావలసిన వైపు. దాన్ని వెనక్కి, ఆ నీళ్ళలోకి నెట్టెయ్యాలి. నెట్టేస్తే నెల్సన్ బయటికొస్తాడేమో. కానీ లోపల కంచం ముందు కూర్చున్న ఒళ్ళు ఎవరిది? వీపున మోసి పెంచిన ఒళ్ళు, తను నూనె రాసి తల దువ్విన ఒళ్ళు... అది ఏమవుతుంది?

"ఇంకో ముద్ద పెట్టనా నాన్నా?" యేసమ్మ గొంతులో ఎంత తృప్తి!

జ్యోత్స్న కళ్ళ నీళ్ళతోనే లాంతరు బిళ్ళని పట్టుకుని ఒక గడి వెనక్కి జరిపింది. తూము వైపు.

లోపల కంచం చప్పుడు ఆగిపోయింది. కుర్చీ జరిగింది. గోడ అవతల నుంచి, తెర కనిపించే వీలే లేని చోటు నుంచి, తమ్ముడి గొంతుతో, మెల్లగా, బతిమాలుతూ...

"వద్దు టీచర్‌గారూ. అక్కడ చాలా చలిగా ఉంటుంది."

ఆవిడ వేలు అలాగే ఉండిపోయింది. నొక్కలేదు, తియ్యలేదు. నీళ్ళ మీద ఎంత లాగినా రాని నెల్సన్ బిళ్ళ ఇప్పుడు ఎవరూ ముట్టుకోకుండానే రోడ్డు వైపు ఒక గడి కదిలింది. తర్వాత ఇంకొకటి. తోక అలాగే ఉంది. ఎవరి వెనక ఎవరు కట్టి ఉన్నారన్నదొక్కటే మారింది.

"వచ్చేస్తున్నానక్కా" అంది స్పీకర్లోని గొంతు. "ఇంకెంత దూరం?"

బయట వాన ఎప్పుడో ఆగిపోయింది. స్పీకర్లో మాత్రం ఇంకా కురుస్తూనే ఉంది.